వాల్వు రంధ్రంలో ఎర్ర గీత

హోసూరులో నా పని రంధ్రాలు చూడటం. బ్రేకుల కోసం పోత ఇనుముతో చేసిన వాల్వు బాడీకి పక్కనుంచి లోపలికి పోయే సన్నటి రంధ్రం ఒకటుంటుంది. పెన్సిలు కన్నా సన్నని గొట్టం చివర కెమెరా, దీపం ఉండే బోర్‌స్కోప్‌ను అందులోకి దూర్చి తెరమీద లోపలి గోడ చూస్తాను. గీత, గుంట, తుప్పు, మిగిలిపోయిన ఇనుప పొట్టు. ఫారంలో వీటికి నాలుగు గళ్ళు.

ఆయుధ పూజ సెలవు తర్వాత మొదటి ట్రేలో పన్నెండు బాడీలు. మూడోదాంట్లో ఎర్రటి గీత కనిపించింది. గొట్టం తిప్పితే తెరమీద గీత కూడా తిరిగింది. కెమెరా అద్దం మీది మరకైతే ఉన్నచోటే ఉండాలి. అంటే అది రంధ్రం గోడమీదే ఉంది. అలాంటివి మొత్తం ఐదు తేలాయి. తుప్పు గడిలో ఐదు అని రాయబోయి ఆగాను.

ఈ రంధ్రాలు తొలిచే మిషను నడిపేది అత్తిముగం నుంచి బస్సులో వచ్చే ఒక పెద్దాయన. ఆరేళ్ళుగా కాంట్రాక్టు మీదే ఉన్నాడు. ఆ నెల ఆయన మిషను మీద ఒక్క రిజెక్టు కూడా పడకపోతే పర్మనెంటు చేస్తామన్నారు. నెలాఖరుకు ఇంకా మూడు రోజులున్నాయి.

ఆయనే నా వెనక వచ్చి నిలబడ్డాడు.

"ఏమప్పా, అంతసేపు చూస్తా ఉండావు? లోపల సినిమా ఏమన్నా ఆడతా ఉందా?"

"తుప్పులా ఉందన్నా. కడిగాక ఆరబెట్టారా?"

"గాలి కొట్టి ఆడనే పెట్టి పోయినాను. నూనె మీ చెకింగు అయినాకనే కదా పూసేది."

దూదిపుల్లతో తుడిస్తే దూది ఎర్రబడింది. తుప్పు అంత ఎర్రగా ఉండదు. ఆయన దూదిని చూసి, నన్ను చూసి నవ్వాడు.

"కుంకుమప్పా ఇది! పూజ దినం గుమ్మడికాయ కొట్టిందెవరు? మెల్లిగా కొట్టప్పా అంటే గోడ కూలేటట్ల కొట్టినావు."

నిజమే. కుంకుమ నింపిన బూడిద గుమ్మడికాయను కొత్తగా చేరినవాడి చేత కొట్టించడం మా షాపులో ఆనవాయితీ. చిందిన నీళ్ళు ట్రేలో పడ్డాయన్నమాట. ప్రాణం లేచొచ్చింది. ఐదింటినీ తుడిచి మళ్ళీ చూశాను. మూడు శుభ్రంగా ఉన్నాయి. రెండింటిలో కుంకుమ పోయిన చోట సన్నటి గుంటలు. ఆ తడి రెండు రోజులు ఇనుము మీదే ఉండిపోయింది. ఇది తుప్పే. కానీ ఎవరి తుప్పు?

"నాది," అన్నాను.

"నీదెట్లప్పా? ట్రే మూసి పోవాల్సింది నేను. మూయలేదు."

మిషను నంబరు రాస్తే ఆయనకు పర్మనెంటు పోతుంది. బాగున్నాయని వదిలేస్తే ఆ రెండూ ఎవరో తొక్కే బ్రేకులోకి చేరతాయి. కాయ కొట్టినవాడి పేరుకు ఫారంలో గడి లేదు. అడుగున ఖాళీలో రాశాను: రెండు రిజెక్టు. మిషను లోపం కాదు. పూజ రోజు గుమ్మడికాయ నీళ్ళు పడ్డాయి. కొట్టింది నేను.

మా ఇన్‌చార్జి అది రెండుసార్లు చదివాడు.

"ఏందిది? కృష్ణగిరి రోడ్డులో బ్రేకులు చేసే కస్టమరు అడిగితే గుమ్మడికాయ అని చెప్పాల్నా?"

"జరిగింది అదే సార్."

"పో, పని చూసుకో."

కాగితం ఆయన సొరుగులోకి, ఆ రెండు బాడీలు తుక్కు పెట్టెలోకి పోయాయి. నెలాఖరున పెద్దాయనకు పర్మనెంటు ఉత్తరం వచ్చింది. దాన్ని చొక్కా జేబులో పెట్టుకుని నా బల్ల దగ్గరికి వచ్చాడు.

"నీ చీటీ పైనోళ్ళు చదివి ఇచ్చినారా, చదవకనే ఇచ్చినారా అప్పా?"

"తెలీదన్నా. అడగమంటారా?"

"వద్దులే," అన్నాడు. ఇద్దరం ఇన్‌చార్జి సొరుగు వైపు చూశాం.