నోటీసులో ఉన్న కిటికీ

దయ్యాలున్నాయని నేను ఏనాడూ నమ్మలేదు. నమ్మకపోవడమే కాదు, నమ్మినవాళ్లతో ముప్ఫై ఏళ్లు వాదించాను. మా హేతువాద సంఘం తరఫున వేలూరులో, గుడియాత్తంలో, తిరుపత్తూరులో సభలు పెట్టాం. పూనకం వచ్చినవాళ్ల పక్కన నిలబడి నాడి పట్టుకుని చూశాను. నిప్పుల గుండంలో నడవడానికి దైవబలం అక్కర్లేదని చెప్పి, నేనే నడిచి చూపించాను. గొప్పకు చెప్పడం లేదు. ఇప్పుడు చెప్పబోయే సంగతి ఎలాంటివాడు చెబుతున్నాడో తెలియాలని ఇదంతా రాశాను. వాదించే ఓపిక ఇప్పుడు నాకు లేదు. చూసింది చూసినట్టు రాసి ఊరుకుంటాను.

మా అక్క చెంగమ్మ నాకంటే పద్నాలుగేళ్లు పెద్దది. అమ్మ పోయాక నన్ను పెంచింది ఆమే. పెళ్లయిన రెండో ఏటే భర్త పోతే గుడియాత్తంలోని మా మగ్గాల ఇంటికి తిరిగొచ్చి అక్కడే ఉండిపోయింది.

మగ్గాల ఇల్లు చూడనివాళ్లకు ఒక మాట చెప్పాలి. ఎండ తగిలినా, గాలి కొట్టినా నూలు ఆరిపోయి పుటుక్కున తెగుతుంది. అందుకని మగ్గం ఉండే గదికి మావాళ్లు కిటికీ పెట్టరు. నేల తడుపుకుని, ఆ చెమ్మలో, మసక చీకట్లో పనిచేస్తారు. అలాంటి గదిలో మా అక్క నలభై ఏళ్లు రాట్నం ముందు కూర్చుని కండెలకు నూలు చుట్టింది. నేను చదువుకుని వేలూరులో బడిపంతులునయింది ఆ కండెల మీదే. ఆ నూలు పీచు ఆమె రొమ్ములో చేరింది.

దగ్గుతో రక్తం పడినప్పుడు వేలూరు ఆసుపత్రికి తీసుకొచ్చాను. దొరసాని డాక్టరు చాలాసేపు పరీక్ష చేసింది. మందు కొంతవరకే పనిచేస్తుందనీ, ఎండా గాలీ వచ్చే గదిలో ఉంచితే ఇంకా కొన్నేళ్లు బతుకుతుందనీ చెప్పింది. నేను అద్దెకున్న గదిలో ఆ రెండూ లేవు.

ఆ వారంలోనే బజారులో ఎవరో ఒక గులాబీ రంగు నోటీసు చేతిలో పెట్టారు. పొన్నుసామి అనే కంట్రాక్టరు ఊరి చివర కొత్త ఇళ్లు కడుతున్నాడు. పాలారు ఏటి గాలి తగిలే చోటు. మంగళూరు పెంకులు, టేకు తలుపులు, తియ్యని నీళ్ల బావి. పడమటి గదికి నిలువెత్తు కిటికీ. కింద ఇంటి బొమ్మ కూడా అచ్చువేశారు. అందులో కిటికీ గోడకు నడుమ కాకుండా ఒక మూలకు జరిగి ఉంది. దానికి ఐదు నిలువు కమ్ములు.

నోటీసు అక్కకు చదివి వినిపించాను. ఆమెకు తెలుగు మాటే గాని అక్షరం రాదు. కళ్లు మూసుకుని విన్నది.

"ఆ జన్నలు మాట ఇంకోతూరి చదువు నాయనా," అంది. కిటికీని మావైపు అరవంలో లాగే జన్నలు అంటాం. మళ్లీ చదివాను.

ఇద్దరం వెళ్లి గుడియాత్తంలో మగ్గాల ఇల్లు అమ్మేసి, కొత్త ఇంటికి డబ్బు ముందుగానే కట్టేశాం. కాట్పాడి దాకా రైలు, అక్కడి నుంచి జట్కా. అక్క తన రాట్నం మాత్రం ఒళ్లో పెట్టుకుని వచ్చింది.

బావి నీళ్లు ఉప్పు. టేకు అన్న తలుపులు రంగు పూసిన మామిడి చెక్క. పెంకులు నాటువి. ఇవన్నీ సర్దుకోవచ్చు. పడమటి గదిలోకి వెళ్లి చూస్తే మూడు వైపులా గోడ, నాలుగో వైపు తలుపు. కిటికీ లేదు. పడమటి గోడకు అవతల రెండు జానల సందు, ఆ సందుకు అవతల మా ఇంటికంటే ఎత్తుగా బీడీ ఆకుల గిడ్డంగి. నిప్పురవ్వ ఎగిరి ఆకు మీద పడుతుందని గిడ్డంగి ఆసామి ఆ వైపు కిటికీ వద్దన్నాడట. కంట్రాక్టరు సరేనన్నాడట. మిగతా రెండు గదులూ వీధి దుమ్ములో, పొగలో ఉన్నాయి. అక్కను పడమటి గదిలోనే పడుకోబెట్టాల్సి వచ్చింది.

అక్క గది నాలుగు మూలలూ చూసి నవ్వింది. నవ్వుతోపాటే దగ్గు వచ్చింది.

"మగ్గాల ఇంట్లోంచి లేపి మళ్లా మగ్గాల ఇంటికే పిల్చుకొని వచ్చినావు గదరా. మగ్గం యాడ పెట్టినావు?"

నోటీసు పట్టుకుని పొన్నుసామి దగ్గరికి వెళ్లాను. లావుపాటి మనిషి. విభూతి, తాంబూలం, ఎవరికీ ఎదురు చెప్పని చిరునవ్వు.

"ఆ బొమ్మ నాది కాదు అయివారూ," అన్నాడు. "అచ్చాఫీసులో బొమ్మలేసే పాత చెక్క దిమ్మ ఒకటి పడుండింది. బాగుండాదే అని వేయించినా."

"అయితే అది ఎవరి ఇల్లు?"

"ఎవరికి తెలుసు? యాడన్నా ఉండాదో, లేదో."

నేను కేకలు వేశాను. ఆయన మజ్జిగ తెప్పించాడు. తర్వాత అచ్చాఫీసులో కూడా అడిగాను. ఆ దిమ్మ ఎవరో అమ్మిన పాత సామానుతో వచ్చిందన్నారు. అంతకుమించి వాళ్లకూ తెలియదు.

గృహప్రవేశం చేయలేదు, పాలు పొంగించలేదు. అవి నాకు పట్టవు. ఇరుగుపొరుగువాళ్లు దాని గురించి గొణుక్కున్నారు.

ఎండలు ముదిరే రోజుల్లో ఒక సాయంత్రం నాలుగింటికి బడి నుంచి ఇంటికొచ్చాను. అక్క మంచం మీద లేచి కూర్చుని ఉంది. నెల రోజులుగా తనంతట తాను లేచి కూర్చున్నది లేదు. ఒళ్లో ఏదో పాత నూలు పెట్టుకుని చిక్కు తీస్తోంది. ఆమె వెనక, తూర్పు గోడ మీద, నిలువుగా ఎండ పడి ఉంది. అందులో ఐదు కమ్ముల నీడ.

మొదట నాకు ఏమీ అనిపించలేదు. కిటికీ ఉన్న గదిలో ఎండ ఎలా పడుతుందో అలాగే పడింది. చొక్కా విప్పి కొక్కేనికి తగిలించి, మళ్లీ చూసి, అప్పుడు పడమటి గోడ వైపు తిరిగాను. అక్కడ సున్నం కొట్టిన గోడ ఉంది.

"రోజూ ఈ వేళకు వస్తాది," అంది అక్క. "నీకు చెప్తే కంటి జబ్బంటావు అని చెప్పలా."

తలుపు మూశాను. తలుపు సందులకు గోనెపట్టా కుక్కాను. పైకెక్కి ప్రతి పెంకూ సర్దాను. ఇంట్లో ఉన్న ఒక్క అద్దాన్నీ బయట పెట్టాను. ఇత్తడి బిందెలు కూడా తీసేశాను. ఇందుకే నాలుగు రోజులు పట్టింది. నాలుగు రోజులూ ఎండ వచ్చింది. పొద్దు వాలేకొద్దీ అది గోడ మీద పైకి జరిగింది. మధ్యలో మబ్బు కమ్మితే మాయమై, తొలగగానే మళ్లీ వచ్చింది. నిజమైన ఎండ ఎలా నడుచుకుంటుందో అలాగే నడుచుకుంది.

ఐదో రోజు తూర్పు గోడ దగ్గర, ఆ ఎండలో చెయ్యి పెట్టాను. చేతి నీడ పడింది. నేను పక్కకు తొలగి, చెయ్యి మాత్రం చాచి, ఆ నీడ తప్పిపోకుండా ఒక్కో అడుగూ పడమటికి నడిచాను. చివరికి నా వేళ్లు పడమటి గోడకు తగిలాయి. గోడ చల్లగా ఉంది. నా వేళ్ల నీడ మాత్రం ఎదుటి గోడ మీద, ఎండలో, అలాగే ఉంది.

వేళ్లు తగిలిన చోట సుద్దముక్కతో గుర్తు పెట్టాను. ఎండ నాలుగు మూలలకూ ఇలాగే చేశాను. నాలుగు గుర్తులూ కలిపితే నిలువుగా ఒక చట్రం వచ్చింది. అది గోడకు నడుమ లేదు. ఒక మూలకు జరిగి ఉంది. నోటీసు తెచ్చి పక్కన పెట్టుకుని చూశాను.

మా బడిలో లెక్కల మాస్టరు మా సంఘంలోనే సభ్యుడు, నాకంటే గట్టివాడు. ఆయన్ను పిలిచి, ఏమీ చెప్పకుండా చూడమన్నాను. ఆయనా చెయ్యి పెట్టాడు, నడిచాడు, గోడకు తగిలాడు. సందులోకి వెళ్లి పైకి చూసి వచ్చాడు. గిడ్డంగి చూరు అడ్డం ఉన్నందున ఆ సందులోకి సాయంత్రం ఎండ రావడానికి దారే లేదు. కాళ్లు కడుక్కుని, "ఈ సంగతి మన సంఘంలో ఎత్తొద్దు," అని మాత్రం చెప్పి వెళ్లిపోయాడు.

అక్కకు మాత్రం ఇందులో పరీక్ష చేయాల్సిందేమీ కనిపించలేదు. రోజూ మంచం ఆ ఎండలోకి జరిపించుకునేది. నాలుగు మేకులు కొట్టించుకుని, ఎండ సరిగ్గా నాలుగింటికి ఎక్కడ ఉంటుందో అక్కడ గోడ మీద చుట్టూ నూలుపోగు కట్టుకుంది, పడుగు కొలత చూసుకునేవాళ్లు కట్టుకున్నట్టు. పోగు దగ్గరికి ఎండ చేరితే నేను బడి నుంచి వచ్చే వేళ అయినట్టు. దగ్గు తగ్గింది. రక్తం ఆగింది. రెండు పూటలా సంగటి తినింది. ఆసుపత్రికి తీసుకెళితే దొరసాని సంతోషించి, మంచి గది దొరికిందన్నమాట అంది. నేను తల ఊపాను.

అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. కానీ పక్కింటావిడ ఒకరోజు మజ్జిగకని వచ్చి చూసింది. మర్నాటికి ఆరుగురు వచ్చారు. వారం తిరిగేసరికి మా తూర్పు గోడకు పసుపు, కుంకుమ, కింద కర్పూరం మసి. నేను బడిలో ఉన్నప్పుడు వచ్చి నేను వచ్చేలోగా పోయేవాళ్లు. నాకు ఎదురుపడితే, పాలు పొంగించకపోయినా అమ్మవారు క్షమించిందని చెప్పేవాళ్లు.

చివరికి పొన్నుసామి కూడా వచ్చాడు. చెప్పులు వీధిలోనే విడిచి, గోడ ముందు లెంపలు వేసుకున్నాడు.

"చూస్తిరా అయివారూ. నేను పెట్టకపోతే ఏమి, ఆ తల్లే పెట్టింది జన్నలు. ఇంక మీకూ నాకూ తగవు యాడుండాది?"

ఆ తర్వాత నాలుగు రోజులకు ఆయన కొత్త నోటీసు వేశాడు. అదే బొమ్మ. దైవికమైన వెలుతురు గల ఇళ్లు అని పెద్ద అక్షరాలు.

ఆ కాగితం చదివినప్పుడు నాకు వచ్చిన కోపం ఇప్పుడు తలచుకుంటే ఇంకెవరిదో అనిపిస్తుంది. నేను వెళ్లి గిడ్డంగి ఆసామిని బతిమాలాను. ఆ గదిలో దీపం పెట్టం, పొయ్యి పెట్టం అని కాగితం రాసిచ్చాను. ఒప్పుకున్నాడు. ఆదివారం పొద్దున ఒక మేస్త్రిని పిలిచి, సుద్దగీత ప్రకారం గోడ పగలగొట్టమన్నాను.

అక్క వద్దంది.

"నీకు నిజమైన కిటికీ పెట్టిస్తాను అక్కా," అన్నాను.

"ఇది అబద్ధమా? నా వీపు కాల్తా ఉండాదే!"

"రేపు గాలి కూడా వస్తుంది."

"నాకోసమా నాయనా పగలగొడతాండావు, ఆ పొన్నుసామి కోసమా?"

మేస్త్రికి సుద్దగీత చూపించాను. గాలి వస్తుందనుకున్నమాట నిజమే. ఆ పూజ ఆగిపోవాలనుకున్నదీ నిజమే. గోడలో ఏముందో చూడాలని ఉన్నదీ నిజమే. ఏది ముందో, ఏది వెనకో నాకు ఇప్పటికీ తెలియదు.

గోడలో ఇటుకలే ఉన్నాయి. మధ్యాహ్నానికి చట్రం బిగించి, బొమ్మలో ఉన్నట్టే ఐదు కమ్ములు పెట్టాం. అవతల రెండు జానల దూరంలో గిడ్డంగి గోడ, దాని మీద పాచి, బీడీ ఆకుల ఘాటు. నాలుగయింది. అక్క మంచం మీద కూర్చుని తూర్పు గోడ మీది నూలుపోగు వంక చూస్తోంది. నాలుగున్నర అయింది. పోగు లోపల ఏమీ పడలేదు. బయట ఎండ బాగా కాస్తోంది.

మర్నాడూ రాలేదు. ఆ వారమంతా రాలేదు.

"ఉండేదాన్ని మూసేసినావు గదా నాయనా," అంది అక్క. ఆమె గొంతులో కోపం లేదు. చిన్నప్పుడు నేను పలక పగలగొట్టుకుని వస్తే ఇలాగే మాట్లాడేది.

పదో రోజు నేనే సున్నం కలుపుకుని, ఆ కిటికీని ఇటుకలతో పూడ్చేశాను. సంఘంలో ఉపన్యాసాలిచ్చే మనిషిని, మోకాళ్ల మీద కూర్చుని, గోడను మునుపటిలా చేయడానికి రెండు రోజులు పాటుపడ్డాను. సున్నం ఆరాక నాలుగింటికి ఇద్దరం కూర్చుని చూశాం. ఎండ రాలేదు. అక్క నన్ను చూసి నవ్వింది.

"పోనీలేరా. నీకు ఇటుక పేర్చేదన్నా వచ్చింది."

వానలు మొదలు కాకముందే ఆమె పోయింది. జబ్బు అలాంటిదనీ, మధ్యలో తేరుకున్నట్టు కనిపించడం మామూలేననీ దొరసాని చెప్పింది. కావచ్చు. ఆశ వల్ల దగ్గు తగ్గిందని నేనూ ఇంకొకరికైతే చెప్పేవాడిని. కానీ నా వేళ్లు చల్లటి గోడకు ఆనుకుని ఉండగా వాటి నీడ ఎదుటి గోడ మీద పడటం నేను చూశాను. దానికి కారణం ఇరవై ఏళ్లుగా వెతుకుతున్నాను. దొరకలేదు. లెక్కల మాస్టరుకూ దొరకలేదు. ఆయన పోయేముందు కూడా ఒకసారి అడిగాడు, "వచ్చిందా?" అని.

దయ్యాలున్నాయని నేను ఇప్పటికీ నమ్మను. ఎవరైనా అడిగితే లేవనే చెబుతాను. ఇల్లు మాత్రం ఖాళీ చేయలేదు. ప్రతి ఏడూ మిగతా గదులన్నిటికీ సున్నం కొట్టిస్తాను. ఆ తూర్పు గోడకు మాత్రం కొట్టించను. నాలుగు మేకులూ అలాగే ఉన్నాయి, నూలుపోగు అలాగే ఉంది. బడి వదిలాక దారిలో ఎవరు ఆపి మాట్లాడించినా నిలబడను. నాలుగింటికి ఇంట్లో ఉంటాను.