పెదవులు మూయని మూకీ నటి

సుగుణ పెద్దమ్మ ఇక లేదన్న వార్త నిన్న ఉదయం భూపాలపల్లిలోని ఆమె కూతురింటి నుంచి వచ్చింది. మహబూబాబాద్ కళాశాలకు పాఠం చెప్పడానికి బయలుదేరిన నేను గడపలోంచే వెనుదిరిగాను. మా అమ్మకు అక్క, నాకు వాదన నేర్పిన గురువు, జనగామ కుర్రకారు తీసిన మూకీ చిత్రానికి కథానాయిక. ముగ్గురినీ ఒక్కసారే పోగొట్టుకున్నాను.

ఈ కాలంలో మూకీయా అని నొసలు ముడవకండి. దర్శకుడు పెద్దమ్మ ముఖవర్చస్సుకు ముగ్ధుడయ్యాడు, యాసకు జంకాడు. అతడిదీ జనగామే! కానీ మన పలుకును హాస్యగాళ్లకే అంటగట్టిన వెండితెరను చూస్తూ పెరిగినవాడాయె. కన్నీటి కథకు జనం నవ్వుతారని మాటలే తీసేశాడు.

"నా మొఖం గావాల్నట, మాట వద్దట! జర అడుగుండ్రి, నా మొఖం ఏ యాసల ఉన్నదో!" అంటూనే ఒప్పుకుంది పెద్దమ్మ.

భర్త శవంపై పడి ఆమె రోదించే సన్నివేశం కరుణరసానికి పరాకాష్ఠ. తొలి ప్రదర్శన జనగామలో, బధిర విద్యార్థుల నడుమ జరిగింది. మేమంతా కళ్లు తుడుచుకుంటుంటే ఆ పిల్లలు విరగబడి నవ్వారు. పెదవుల కదలికను చదవగలవారు కదా! వాళ్ల సైగలు చూసి టీచరమ్మ నవ్వాపుకుంటూ మాకు చెప్పింది, తెరమీద పెద్దమ్మ ఏడుస్తూ అంటున్నదేమిటో: "జల్ది లేవుర అయ్యా, మోకాళ్లు గుంజుతున్నయ్! పీనుగవై గురక వెడ్తవేందిరా!"

దర్శకుడి ముఖం మాడిపోయింది. "పెద్దమ్మా, గా సీను తీసేస్త. నోరు మూసుకొని మళ్లొకసారి ఏడువు."

"ఇంతమందిల నా మాట విన్నది గీ పిల్లలే. గది తీస్తే నన్ను గూడ తీసెయ్ బిడ్డా."

మళ్లీ వేయమని పిల్లలు చేతులూపుతుంటే అతడేం చేస్తాడు? సన్నివేశం నిలిచింది.

ఆ కీర్తితో హైదరాబాదు నుంచి పిలుపొచ్చింది. మాటలున్న పాత్రే, గొంతు మాత్రం మరొకరిది. ఒప్పుకొమ్మని పొద్దుగూకే దాకా నేనే వాదించాను. "మొఖమన్న లోకమంత చూస్తది గదా పెద్దమ్మా!"

"మూగదాని లెక్క చెయ్యమను, చేస్త. ఇంకొకామె నోరు వెట్టుకొని నేనెట్ల మాట్లాడాలె? గా సినిమ మన చుట్టాల ఊరు చిట్యాల పోతే, గొంతు ఇని మన కోడండ్లు గీమె ఎవలని అడగరా?"

ఒక్క చిత్రంతో ఆ నటజీవితం సమాప్తమైంది. స్వల్పమని జాలిపడేవారితో నాకు పేచీ ఉంది. జీవితమంతా తెరపై మాట్లాడి ఒక్క సొంతమాట మిగుల్చుకోనివారు ఎందరు లేరు?

పెద్దమ్మా, ఆనాడు నీ చేతిలో ఓడిపోయి, కడుపుబ్బ నవ్వుకుంటూ ఇల్లు చేరాను. ఓటమిని ఇంత వేడుక చేసిన విదుషీమణికి సాష్టాంగ ప్రణామం. ఇకమీదట వాదనల్లో గెలుస్తానేమో గానీ, ఆ గెలుపుకు రుచి ఎక్కడిది?