తెల్లని పత్తి మీద తెల్లని అక్షరాలు

మా ముత్తాత రంగసామి నాయుడు తిరుమంగళం చుట్టుపక్కల ఏడు ఊళ్ళకు పెద్ద. గుడి ఉత్సవంలో మొదటి పరివట్టం, అంటే స్వామివారి వస్త్రం, గౌరవంగా ఆయన తలకే కట్టేవారు. ఆయన మునిమనవణ్ణయిన నేను సింగానల్లూరులో ఒక వెబ్ డిజైన్ కంపెనీలో ముఖ్య డిజైనర్‌గా పనిచేసి రిటైరయ్యాను. జనం వెబ్‌సైట్లను ఫోన్‌లో చూడడం మొదలుపెట్టిన కొత్తలో, ఒక వేసవిలో, ఒక నూలు మిల్లు వెబ్‌సైటు పని నాకు అప్పగించారు.

మొదటి పేజీ నిండా పత్తి ఫొటో. దాని మీద మిల్లు పేరు, నూలు రకాలు. తెల్ల పత్తి మీద తెల్ల అక్షరాలు కనబడవు. అలాంటప్పుడు ఫొటోకూ అక్షరాలకూ మధ్య పలచని నల్ల పొర వేయడం మా వృత్తిలో మామూలు. నా కింది డిజైనర్లు అదే చేశారు. నేనూ సరే అన్నాను.

మిల్లు యజమాని చూసి మండిపడ్డారు. “ఏమప్పా, ఇది పత్తియా, పొగ పట్టిన దూదియా? మా సరుకు విలువంతా తెలుపులోనే ఉండాది. దీన్ని చూసి ఎవుడు కొంటాడు? పోదుం, ఇంక చాలు, ఎత్తుకో!”

శుక్రవారంలోగా సరిచేయకపోతే పని చెన్నై కంపెనీకి ఇస్తామన్నారు. మా మేనేజరు క్షమాపణ చెప్పి రమ్మన్నాడు. నేను చెప్పలేదు. తప్పు నాది, దిద్దడమే మర్యాద అనుకున్నాను.

మర్నాడు ఫొటోగ్రాఫర్‌ను తీసుకొని మిల్లుకు వెళ్ళాను. గోదాములో పత్తి కుప్ప కుడివైపు, నీడలో ఉన్న ఇటుక గోడ ఎడమవైపు ఖాళీగా వచ్చేలా ఫొటో తీయించాను. అక్షరాలన్నీ ఆ గోడ మీద పెట్టాను. ఫోన్ తెర సన్నం కనుక దానికి వేరే నిలువు ఫొటో: పైన గోడ, కింద పత్తి. అక్షరాలను ఫొటోలో కలిపేయకుండా విడిగా ఉంచాము. అందువల్ల ఫొటో కుదించుకుపోయినా అవి చిన్నవి కావు. పత్తి మీద ఏ పొరా లేదు.

శుక్రవారం యజమాని మిట్టమధ్యాహ్నపు ఎండలోకి నడిచి, పత్తి రకాలు తేల్చే పెద్దాయన చేతిలో ఫోన్ పెట్టారు. ఆయన చెయ్యి చాచి పట్టుకొని ప్రతి వరుసా తడబడకుండా చదివాడు. తర్వాత పత్తిని వేలితో చూపి, “ఇది మన మొదటి రకం సామీ. చేత్తో పట్టి చూసినట్టే ఉండాది” అన్నాడు.

యజమాని నవ్వారు. “ఏం నాయుడూ, ముందే ఇట్ల చేసుంటే నా నోరు నొచ్చేది కాదు కదా!”

ఆ కుటుంబానికున్న మిగతా మూడు మిల్లుల పనీ మాకే వచ్చింది. ఆ సాయంత్రం మేనేజరు స్వయంగా నాకు కాఫీ తెచ్చి ఇచ్చాడు.

అక్షరాలకు చోటు ఫొటో తీసేటప్పుడే వదలాలి. రిటైరయ్యేదాకా నా విభాగంలో ఇదే నియమం. నన్ను ఈ డిజైన్ చదువు చదివించడానికి మా నాన్న, ముత్తాత నాటి పొలాల్లో మాకు మిగిలిన ఆఖరి ఎకరం, పత్తి పండే నల్లరేగడిని అమ్మారు.