ఒక్క ఫిర్యాదూ రాని వారం

చిన్న ఇంటర్నెట్ కంపెనీలు ఎన్నాళ్ళు బతుకుతాయని ఈ మధ్య ఒక పెద్దమనిషి నన్ను అడిగాడు. పెద్ద కంపెనీలు వీటిని బతకనిస్తాయా అని ఆయన బెంగ. పెద్ద కంపెనీల సంగతి తరవాత, ముందు యజమాని బతకనిస్తాడా అని అడగండి అన్నాను. జహీరాబాదులో నా కంపెనీ గొంతు పిసకడానికి పైనుంచి ఎవరూ దిగిరాలేదు. మిఠాయి డబ్బా చంకలో పెట్టుకుని ఆ పనికి నేనే బయల్దేరాను. ఎలాగో చెబుతాను, కాస్త ఓపిక పట్టి చివర్లో నవ్వండి.

అప్పటికి నాకు ముప్ఫై ఏళ్ళు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, తీగ లాగకముందే కంపెనీ పేరులో 'ఇంటర్నేషనల్' అని పెట్టాను. మా తీగ కోహీరు కూడా దాటలేదు. న్యాల్‌కల్ దాకా లాగి ఉంటే కనీసం పక్క రాష్ట్రమైనా కనిపించేది. ఇంటర్నెట్‌తో పాటు దాని మీదే నడిచే ఫోను కూడా ఇస్తామని బోర్డు మీద రాయించాను.

ఆ ఇంటర్నేషనల్ సంస్థలో ఉద్యోగులు ఇద్దరు. ఒకడిని నేను. రెండో ఆయన అంజయ్య, ఇరవై ఏళ్ళు కేబుల్ టీవీ తీగలు లాగి, ఆ పని మానేసి నన్ను నమ్ముకుని వచ్చినవాడు. నాకంటే పెద్దవాడు, చిన్నప్పటినుంచి నన్ను 'రవీ' అని పిలిచేవాడు. బోర్డు ఎక్కిన రోజునుంచి 'సార్' అని పిలవాలని నేనే రూలు పెట్టాను. ఆయన నన్నొకసారి పైనుంచి కిందిదాకా చూసి సరేనన్నాడు.

మాకు గండం మొదటి సంవత్సరమే వచ్చింది. కనెక్షన్లు చాలవు, ఇలాగే ఉంటే నెలాఖరుకు షట్టరు దించాలి. అలాంటప్పుడు మొగుడంపల్లి రోడ్డు మీదున్న ఫ్యాక్టరీ స్టాఫ్ కాలనీ వాళ్ళు కబురు పెట్టారు. అరవై ఇళ్ళు. కాలనీ సంఘం పెద్ద మూర్తిగారు గోదావరి వైపు నుంచి వచ్చిన ఇంజనీరు, బోల్టు బిగించినట్టు మాట్లాడే మనిషి. పెద్ద కంపెనీతో విసిగిపోయామని, ఒక వారం మా నెట్టు వాడి చూసి, బాగుంటే అరవై ఇళ్ళకూ ఒకేసారి సంతకం పెడతామని చెప్పారు. ఆ సంతకం వస్తే కంపెనీ ఉంటుంది. రాకపోతే అంజయ్యకూ నాకూ తీగలు మిగులుతాయి, బట్టలు ఆరేసుకోవచ్చు.

ఇక చూడండి నా తెలివి. పులిని చూసి నక్క వాత పెట్టుకుందంటారే, ఆ నక్కకు కడ్డీ నేనే కాల్చి ఇచ్చినట్టున్నాను. పెద్ద కంపెనీకి కస్టమర్ కేర్ ఉంటుంది కదా, మనకూ ఉండాలన్నాను. ఆఫీసులో ఒక ఫోను పెట్టి, కాలనీ ఇళ్ళలో మేమిచ్చిన ఫోన్లలో ఒకటి నొక్కితే అది మోగేలా ఏర్పాటు చేశాను. పైసా ఖర్చు లేని ఫిర్యాదు అని కరపత్రం కూడా వేయబోయాను. అంజయ్య ఆ కాగితం చూసి అన్నాడు.

"సార్, గీడ నా మొబైల్ నంబర్ గూడ ఏపిద్దాం."

"పెద్ద కంపెనీ కాగితం మీద ఎన్నడన్న లైన్‌మన్ నంబర్ చూసినవా అంజన్నా?"

"లేదు సార్. అందుకే వాళ్ళు మన తాన్కి వచ్చిన్రు."

ఆ మాట విని కూడా వినలేదు చూడండి, అక్కడే నా ఖర్మ కాలింది. నా నంబరు వద్దు, ఆయన నంబరు వద్దు, ఒకటి నొక్కితే చాలన్నాను. ఇంకో రూలు కూడా పెట్టాను. ఫిర్యాదు ఆ ఫోనులో రావాలి, దాన్ని రాసుకుని నేను టికెట్ అనే వరస నంబరు ఇవ్వాలి, టికెట్ లేకుండా అంజయ్య నిచ్చెన ముట్టకూడదు. పద్ధతి అంటే పద్ధతి.

వారం మొదలైంది. కొత్త రిజిస్టరు కొని, పసుపు కుంకుమ పెట్టి, ఫోను పక్కన కూర్చున్నాను. మొదటి రోజు ఫోను మోగలేదు. రెండో రోజు మోగలేదు. మూడో రోజు అనుమానం వచ్చి రిసీవరు ఎత్తి విన్నాను, లోపల కూత నిక్షేపంలా వస్తోంది. నాకు గర్వంతో ఆకలి కూడా వేయలేదు.

నాలుగో రోజు పొద్దున అంజయ్య టీ తాగి వచ్చి, మూర్తిగారి కాలనీలో నిన్నటినుంచి నెట్టు లేదని హోటల్లో అనుకుంటున్నారని చెప్పాడు. చెరుకు ట్రాక్టర్లు మొదలయ్యాయని, రోడ్డు దాటే తీగ కిందికి ఉందని, తాను ముందే చెప్పానని కూడా గుర్తు చేశాడు.

"టికెట్ వచ్చిందా?" అన్నాను.

"రాలే."

"మరి నెట్ పోలేదన్నట్టే. హోటల్ ముచ్చట్లకు మనం నిచ్చెన ఎయ్యం."

ఆయన నిచ్చెన వైపు చూశాడు, నా వైపు చూశాడు, బయటికి వెళ్ళి కూర్చున్నాడు.

ఏడో రోజు రిజిస్టరు తెరిస్తే కన్నెపిల్ల మనసులా తెల్లగా ఉంది. రెండు కిలోల జిలేబీ కట్టించి, అంజయ్యను స్కూటరు వెనక ఎక్కించుకుని సంతకం కోసం కాలనీకి బయల్దేరాను. "నిచ్చెన గూడ పట్కపోదాం సార్" అన్నాడు. జిలేబీకి నిచ్చెన ఎందుకన్నాను.

గేటు దగ్గర మొదటి ఇల్లు కోహీరు నుంచి వచ్చిన శకుంతలమ్మది. ఆమె చేతిలో రెండు జిలేబీలు పెట్టాను. ఆమె ఒకటి కొరికి, నన్ను తేరిపార చూసింది.

"నెట్ పోయి ఐదు దినాలాయె. పోయినందుకు మిఠాయి పంచుతున్నవా బిడ్డా?"

అని తీరిగ్గా రెండో జిలేబీ కూడా తిన్నది ఆమె. ఈలోగా మూర్తిగారు వచ్చారు. మరి ఫిర్యాదు ఎందుకు చేయలేదండీ, రిజిస్టరు ఖాళీగా ఉంది చూడండి అని నేను దాన్ని తెరిచి చూపించాను. ఆయన నన్ను నెమ్మదిగా లోపలికి తీసుకెళ్ళి, మేమిచ్చిన ఫోను నా చెవికి పెట్టారు. మట్టికుండలో తల పెట్టినట్టుంది, చప్పుడే లేదు.

"మీ ఫోను నడిచేది మీ నెట్టు మీదే కదండీ. నెట్టు పోయిందని చెప్పడానికి నెట్టు ఉండాలి. మీ నంబరు ఇంకోటి మాకివ్వలేదు."

నిప్పు లేనిదే పొగ రాదంటారు. ఇల్లంతా తగలబడినా పొగ రాకుండా ఏర్పాటు చేసిన మొనగాణ్ణి నేను. సిగ్గుతో చచ్చిపోయాను. మూర్తిగారు అక్కడితో వదల్లేదు.

"పెద్ద కంపెనీకి చేస్తే ఎవరూ ఎత్తరని మీ దగ్గరికొచ్చాం. మీకూ ఎవరూ ఎత్తరు. అక్కడ కనీసం పాటన్నా వినిపిస్తుందండీ."

తల దించుకుని రిజిస్టరు మూసుకున్నాను. మూడోవంతు ఇళ్ళవాళ్ళు అప్పటికే పెద్ద కంపెనీకి వెళ్ళిపోయారని తెలిసింది. షట్టరు దిగే చప్పుడు నాకు అక్కడే వినిపించింది. తల ఎత్తేసరికి పక్కన అంజయ్య లేడు. గేటు అవతల, ఎవరినో అడిగి తెచ్చిన నిచ్చెన మీద ఉన్నాడు. టికెట్ లేదు, సార్ అనుమతి లేదు. తెగిన తీగ కలిపి, చెరుకు ట్రాక్టరు మీద ఇంకో ట్రాక్టరు ఎక్కినా తగలనంత ఎత్తున కట్టాడు. దిగి, మిగిలిన ఇళ్ళన్నీ తిరిగి తన మొబైల్ నంబరు చెప్పి వచ్చాడు.

మర్నాడు ఆ ఇళ్ళవాళ్ళు సంతకం పెట్టారు. అయితే ఒప్పందం మీద ఇంటర్నేషనల్ పేరు పక్కన మూర్తిగారు పెన్నుతో ఒక ముక్క రాశారు: 'అంజయ్య ఉన్నంతవరకు.'

ఆ ముక్క మీదే మా కంపెనీ ఇవాల్టికీ బతికి ఉంది. బోర్డు రంగు వెలిసిపోయింది, ఊళ్ళో అందరూ అంజయ్య నెట్టు అంటారు. నన్ను చూపించి, అంజయ్య దగ్గర పనిచేస్తాడనుకుంటా అన్నవాళ్ళూ ఉన్నారు. కాబట్టి చిరిగిన ఆ కరపత్రం మీద చెయ్యి పెట్టి ప్రమాణం చేస్తున్నాను: ఇక ఈ జన్మలో ఫోను మోగలేదని సంతోషించను, తెల్లకాగితాన్ని నమ్మను, ఎవరినీ టికెట్ నంబరు అడగను.

నేనైతే అడగను. మొన్న మా ఇంట్లోనే నెట్టు పోతే అంజయ్యకు ఫోను చేశాను. మొదటి రింగుకే ఎత్తాడు, అంతా విన్నాడు, గొంతు సవరించుకున్నాడు.

"టికెట్ నంబర్ ఉన్నదా, సార్?"