కొంగు కలిపి కుట్టిన బొంత

మా ఇంటి ఓనరమ్మ పోయారని మొన్న ఆమె కోడలు ఫోన్ చేసి చెప్పింది. యూనివర్సిటీలో ఎమ్మే చదివే రోజుల్లో తార్నాకలో వాళ్లింటి వెనక గదిలో అద్దెకుండేదాన్ని. మాది కాకినాడ. మనిషి పోయాక తప్పు ఒప్పుకోవడం తేలికే, అందుకు సిగ్గుగానే ఉంది. అయినా ఒప్పుకుంటాను.

తెలంగాణ ఉద్యమం జోరుగా ఉన్న రోజులు. క్యాంపస్ మూసేశారు. రోడ్డు మీద ముళ్లకంచెలు, గాలిలో కళ్లు మండించే పొగ. బస్సుల్లేవు, ఊరికి వెళ్లే దారి లేదు. నోరు విప్పితే నా యాస బయటపడుతుందని పాల ప్యాకెట్‌కి కూడా వెళ్లేదాన్ని కాదు. ఎవరూ నన్ను పల్లెత్తు మాట అనలేదు. అయినా ఆ గది నాకు బోనైపోయింది.

ఓనరమ్మ నా ఒళ్లో ఒక బొంత పడేశారు. పాత చీరలు నాలుగు పొరలు పరిచి, పైకీ కిందికీ సూది దూస్తూ పోయే సాదా కుట్టు. చూపు తగ్గినా సూదిలో దారం తనే ఎక్కించేవారు, ఇంకొకరిని ముట్టనిచ్చేవారు కాదు.

"కుట్టు బిడ్డా. చేతులు ఖాళీగుంటె దిమాక్‌ల పురుగు దొలుస్తది," అన్నారు.

జపాన్‌లోనూ ఇదే కుట్టు ఉంది, సషికో అంటారని నా చదువు వెలగబెట్టాను.

"ఉండదా మరి! ఆళ్లకు సలి వెట్టదా?" అని నవ్వేశారు.

కుట్టు మొదలెట్టిన నాలుగో రోజు వీధిలో ఆడవాళ్లంతా క్యాంపస్ గేటు దగ్గర వంటావార్పుకు బయలుదేరారు. నిరసనగా రోడ్డు మీదే పొయ్యి పెట్టి వండి వడ్డించడమన్నమాట. ఓనరమ్మ వారం నుంచీ ఆ రోజు కోసమే ఎదురుచూస్తున్నారు. పెద్ద గరిటె తోమి పెట్టుకున్నారు. ఇద్దరం బొంత ముందేసుకుని కూర్చుని ఉండగా వాకిట్లోంచి కేక వినిపించింది.

"అక్కా, వస్తలేవా?"

లేవబోయారు, లేవలేకపోయారు. ఆమె కొంగును నేను బొంతతో కలిపి కుట్టేశాను.

"ఓయమ్మో, పట్టేసినవ్ గదనే!" అని పకపకా నవ్వి, "మీరు పోండ్రి, నేనెన్కకెల్లి వస్తా," అని వాళ్లను పంపేశారు.

కొత్తగా కుట్టేవాళ్లు ఒంటి మీది బట్టను కలిపి కుట్టేయడం మామూలే. నాది మాత్రం పొరపాటు కాదు. కొంగు కిందికి వచ్చిందని మొదటి కుట్టులోనే చూశాను. చూసి కూడా జానెడు కుట్టాను. ఒంటరిగా ఉండాలంటే అంత భయం వేసింది నాకు.

కత్తెర అందుకోబోతే వద్దన్నారు. "కత్తెరెయ్యకు, చీర పాడైతది. ఎర్కతోనే కుట్టినవని నాకెర్కే. నిమ్మళంగ ఇప్పు."

"వెళ్లిరండమ్మా" అన్న మాట నోటిదాకా వచ్చింది. అనలేదు. ఒక్కొక్క కుట్టూ వీలైనంత నెమ్మదిగా విప్పుతున్నాను. రోడ్డు మీంచి "జై తెలంగాణ" అని ఆడవాళ్ల గొంతులు. ఓనరమ్మ నా చేతుల వంకే చూస్తున్నారు. నేను బెదిరిపోతానని కాబోలు, గొంతు బయటికి రానివ్వకుండా, పెదాలు మాత్రం వాళ్లతో పాటే కదుపుతున్నారు.