అల్తా అనుకున్న ఎరుపు

విజయదశమి మర్నాడు మధ్యాహ్నం మా ఆవిడని ఆసుపత్రిలో చేర్చాను. తెల్లారినప్పటి నుంచి జ్వరం, వాంతులు, విరేచనాలు. లిలువా రైల్వే వర్క్‌షాప్‌లో బ్రేకులు పరీక్షించడం నా ఉద్యోగం; నా నోటికి మాత్రం అవి బిగించుకోలేదు. డాక్టరమ్మ అడక్కముందే రోగం పేరు కూడా నేనే చెప్పేశాను.

"పూజా పందిరి దగ్గర పానీపూరీ తిందండి. అదే."

డాక్టరమ్మ మా ఆవిడ అరచేతులు తిప్పి చూసింది. "ఈ ఎరుపేమిటి దాదా?"

"అల్తా. నిన్న పక్కింటి బౌది పెట్టింది." అల్తా అంటే బెంగాలీల పారాణి; వాళ్ళకి దాదా అంటే అన్నయ్య, బౌది అంటే వదిన. అరికాళ్ళకీ పెట్టింది.

డాక్టరమ్మ ఇక అడగలేదు. సెలైన్ ఎక్కుతోంది, బీపీ దిగుతోంది. నర్సు మూడోసారి చూస్తుంటే మా ఆవిడ కళ్ళు తెరిచి, "ఏటి, ఇన్నిసార్లు చూస్తన్నారు?" అంది. మళ్ళీ కళ్ళు మూతపడ్డాయి.

పెద్ద డాక్టరు వచ్చి స్పిరిట్ దూదితో అరచెయ్యి రుద్దాడు. దూదికి కాస్త గులాబీ రంగు అంటింది. మళ్ళీ రుద్దాడు. ఈసారి దూది తెల్లగా వచ్చింది, చెయ్యి ఎర్రగానే ఉంది.

"ఇది రంగు కాదు, ఒళ్ళే ఇలా ఉంది. గాయమేమైనా ఉందా?"

చూపుడువేలికి పట్టీ. నాలుగు రోజుల కిందట కత్తిపీటకి తెగింది. పట్టీ వేసింది నేనే, విప్పడం మరిచిందీ నేనే. విప్పితే చిన్న గాటు, చీము కూడా లేదు.

మందులు మార్చి, గాయం కడిగించి, ఆయన బయటికొచ్చి చెప్పాడు. "వేలిలో పెరిగిన సూక్ష్మజీవి ఒక విషం వదిలింది. పేగుల్లో వేరే సూక్ష్మజీవుల విషం ఎప్పుడూ కొంచెం రక్తంలోకి జారుతుంటుంది, లివరు ఊడ్చేస్తుంటుంది. మొదటి విషం ఆ ఊడ్పుని అడ్డుకుంటుంది, రెండోదాన్ని ఒళ్ళు తట్టుకోలేకుండా చేస్తుంది. ఒక్కటే వస్తే కాచుకోవచ్చు. రెండూ కలిస్తే ప్రాణం మీదికొస్తుంది. సాయంత్రానికి బీపీ లేవాలి."

లేవకపోతే ఏమిటని అడగలేదు. మొదటిసారి నోటికి బ్రేకు పడింది.

ఐసీయూ అద్దంలోంచి బీపీ అంకెనే చూస్తూ నిలబడ్డాను. పెరిగింది, తగ్గింది. దీపాలు వెలిగే వేళకి కొంచెం పెరిగి, అక్కడే నిలిచింది. నర్సు నాకేసి తలూపింది.

రెండు వారాలకి ఆమె అరచేతుల తోలు పొరలుగా ఊడింది. ఆపైన, దసరా తర్వాతి పున్నమికి చేసే లక్ష్మీపూజ వెళ్ళిపోయినా బౌది అల్తా సీసా పట్టుకొచ్చింది. మా ఆవిడ పాదాలు చాపి నాకేసి చూసింది.

"ఇది రంగేనండి. కావాలంటే దూది తెచ్చుకుని రుద్దుకోండి."

తెచ్చుకున్నాను.