కొండనడిగిన మాట

కోటవురట్ల నుంచి అనకాపల్లి వస్తున్న బస్సు ఒక గడ్డికొండ కింద టైరు పంక్చరై ఆగింది. నా పక్క సీట్లో కొడవలికి గుడ్డ చుట్టి పట్టుకున్న ముసలావిడ. ఆ కొండ మీద ఏ వైపు గడ్డి కోయాలో, ఏ వైపు వదలాలో ఊళ్లవాళ్లనడిగి ప్లాను రాయడానికి ఫారెస్టువాళ్లు పెట్టిన మీటింగు నుంచి వస్తోందట.

"మొత్తం కోసీమని అందరూ సేతులెత్తేరు బాబూ. మా పెద్దోళ్లు కొండనడిగేకే కోసీవోరు. తిరిగి పలికితే కొయ్యడం, పలక్కపోతే ఆ ఏడు ఒగ్గీడం. మీటింగులో అరిసరిసి నా గొంతు పోయింది. నువ్వడుగు."

నవ్వుకుంటూ కిటికీలోంచి అరిచాను. "కొయ్యమంటావా?"

అంత పెద్ద కొండ నుంచి ప్రతిధ్వని రాలేదు. పిట్టల కూతలు కూడా ఆగిపోయాయి.

"ఒద్దంది" అంటూ ఆవిడ దిగి, చెరకుతోటల్లోకి నడిచి వెళ్లిపోయింది.

మొన్న వేసవిలో మళ్లీ అదే దారిన వచ్చాను. కొండంతా గుండు గీసినట్టుంది. రోడ్డుకి అడ్డం వచ్చిన గేదెల కోసం డ్రైవరు బస్సాపి ఇంజను కట్టేశాడు. అప్పుడు కొండ మీంచి ఒక గొంతు అడిగింది.

"కొయ్యమంటావా?"

అది నా గొంతే. బస్సులో అందరూ నా వైపు తిరిగి, నేనేమంటానా అని చూస్తున్నారు.